జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు: గ్రేస్ హాపర్ జీవితం నేర్పే టెస్టింగ్

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారనుకోండి. రెజ్యూమేలో ఫైనలియర్ ప్రాజెక్టు గురించి రాసుకున్నారు. కాలేజీ బస్ పాస్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే అప్లికేషన్ అది. లోపల రెండు వెబ్ సర్వీసులున్నాయి. ఒకటి విద్యార్థి వివరాలు ఇస్తుంది. రెండోది ఫీజు కట్టారో లేదో చెబుతుంది. రెండూ సరిగ్గా మాట్లాడుకుంటేనే పాస్ చేతికొస్తుంది. ఎదురుగా కూర్చున్నాయన అంతా విని టెస్ట్ చేశారా అని అడుగుతారు. చేశామంటారు మీరు. ఏ డేటాతో చేశారని వెంటనే రెండో ప్రశ్న వేస్తారు.

చాలామంది ఆగిపోయేది అక్కడే. ఎందుకంటే మనం చేసిందేమిటి? పేరు దగ్గర ఏబీసీ అని, ఫోన్ నంబరు దగ్గర పది తొమ్మిదులు కొట్టి, తెర మీద ఎర్ర అక్షరాలేవీ రాకపోతే పనైపోయిందనుకున్నాం. అంతే కదా!

నేనూ అదే బాపతు. మొదటి ఉద్యోగంలో నా ఇంటిగ్రేషన్ టెస్టులు వారాల తరబడి పాసయ్యాయి. ఒక సోమవారం పొద్దున చూస్తే అన్నీ ఫెయిల్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. ఎవరో ఎప్పుడో చేత్తో ఎక్కించిన ఒక కస్టమర్ రికార్డు మీద నా టెస్టులన్నీ ఆధారపడి ఉన్నాయి. శనివారం ఆ డేటాబేస్‌ను శుభ్రం చేశారు, రికార్డు పోయింది. అందులో ఏముండాలో ఎవరికీ గుర్తులేదు. అంటే అన్నాళ్లూ నేను ఏం పరీక్షిస్తున్నానో నాకే తెలియదన్నమాట.

ఇదేమీ కొత్త సమస్య కాదు. వెబ్ అనే మాట పుట్టకముందే దీంతో నలభై ఏళ్లు కుస్తీ పట్టిన మనిషి ఒకరున్నారు. గ్రేస్ హాపర్. కంపైలర్‌కు దారి వేసిన గణిత పండితురాలిగా, అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా ఆమె పేరు మీరు వినే ఉంటారు. ఆమె జీవితాన్ని టెస్టింగ్ వైపు నుంచి చూస్తే, ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్నకు ఏం చెప్పాలో తెలుస్తుంది.

ఏడు అలారం గడియారాలు

గ్రేస్ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో ఇంట్లో ఉన్న అలారం గడియారాన్ని విప్పేశారు. తిరిగి బిగించడం రాలేదు. ఎలా ఉండాలో చూద్దామని ఇంకోటి విప్పారు. అలా ఏడు గడియారాలూ ముక్కలయ్యాయి. సంగతి తెలిసిన తల్లి కోప్పడి ఊరుకోలేదు, ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకోవాలని కట్టడి చేశారు.

చదువులో అన్నీ మొదటిసారే కలిసి రాలేదు. పదహారేళ్లప్పుడు వాసర్ కాలేజీలో సీటు రాలేదు, లాటిన్‌లో మార్కులు తక్కువయ్యాయి. మరుసటి ఏడాది అదే కాలేజీలో చేరారు. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ, 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్, 1934లో అక్కడే గణితంలో పీహెచ్‌డీ. ఈలోగా వాసర్‌లోనే లెక్కలు చెప్పే ఉద్యోగం. జీవితం అక్కడే స్థిరపడిపోవాల్సింది.

యుద్ధం వచ్చి దారి మార్చేసింది. నౌకాదళంలో చేరతానని వెళ్తే వయసు ఎక్కువన్నారు, బరువు తక్కువన్నారు. ఉండాల్సిన దానికంటే దాదాపు 7 కిలోలు తక్కువున్నారామె. ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో రిజర్వ్ దళంలో చేరారు. శిక్షణలో మొదటి స్థానం తెచ్చుకున్నారు. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. ఇరవై రెండేళ్లకే కెరియర్ అయిపోయిందని బెంగపడే వాళ్లు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

51 అడుగుల యంత్రం

1944 జులైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ ఆధ్వర్యంలో మార్క్ వన్ అనే యంత్రం ఉంది. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, దాదాపు 5 టన్నుల బరువు. సెకనుకు మూడు కూడికలు చేసేది. కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి ఆదేశాలు ఇవ్వాలి. యంత్రాన్ని చూడటం అదే మొదటిసారి, అయినా ఐకెన్ వెంటనే పని అప్పగించారు. ఆర్క్‌ట్యాంజెంట్ విలువలు లెక్కగట్టడానికి కావాల్సిన గుణకాలు వారంలోగా సిద్ధం చేయాలి. 23 అంకెల కచ్చితత్వంతో!

ఒక్క క్షణం ఆమె కుర్చీలో కూర్చుని ఆలోచించండి. యంత్రం 23 అంకెల జవాబు ఇచ్చింది. అది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ఆ లెక్కలు నౌకాదళం ఫిరంగుల రేంజ్ పట్టికల్లోకి, సముద్రంలో మందుపాతరలు ఏరివేసే పనుల్లోకి వెళ్లేవి. తప్పితే ఎర్ర అక్షరాలు రావు, పడవలో మనుషులు పోతారు.

ఈ చిక్కుకు ఆ యంత్రంలోనే ఒక ఏర్పాటు ఉండేది. లెక్కతోపాటు తనిఖీ ఆదేశాలను కూడా టేపులోనే రాసేవారు. వచ్చిన విలువకు, రావాల్సిన విలువకు మధ్య తేడా అనుమతించిన హద్దు దాటితే యంత్రం దానంతటదే ఆగిపోయేది. ఈరోజు మీరు టెస్ట్ కోడ్‌లో రాసే అసర్షన్ చేసే పని సరిగ్గా ఇదే. ఫలితం ఇంత ఉండాలి, లేకపోతే ఆగు.

గమనించారా? తనిఖీ జరగాలంటే సరైన జవాబు మీ చేతిలో ముందే ఉండాలి. అందుకే టెస్ట్ డేటా అంటే ఇన్‌పుట్ ఒక్కటే కాదు. ఇన్‌పుట్, దానికి రావాల్సిన జవాబు, రెండూ కలిస్తేనే టెస్ట్ డేటా. బస్ పాస్ ప్రాజెక్టులో ఏబీసీ అనే విద్యార్థికి పాస్ రావాలా, వద్దా? ఆ సంగతి మీరు ముందే కాగితం మీద రాసుకోకపోతే, వచ్చిన ఏ జవాబైనా సరైనదిగానే కనిపిస్తుంది.

ఆ యంత్రాన్ని ఎలా నడపాలో చెప్పే 561 పేజీల పుస్తకం రాసే పని కూడా గ్రేస్ మీదే పడింది. అది 1946లో అచ్చయింది.

ఇక్కడే పురుగు కథ కూడా చెప్పేస్తా. 1947 సెప్టెంబర్ 9న మార్క్ టూ యంత్రంలో ఒక రిలే మధ్య చిమ్మట ఇరుక్కుపోయింది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. బగ్ అనే మాటను గ్రేస్ పుట్టించారని ఇంటర్వ్యూలో చెప్పకండి. ఎడిసన్ కాలంనాటికే ఇంజినీర్లు ఆ మాట వాడేవారు. గ్రేస్ చేసింది ఆ కథను ఊరూరా చెప్పి పాపులర్ చేయడమే.

తప్పింది సొంత చెక్‌బుక్కే

1949లో హార్వర్డ్‌లో ఆమె కొలువు ముగిసింది. అప్పటికే వివాహబంధం కూడా 1945లో తెగిపోయింది. ఆ రోజుల్లో ఆమె మద్యంతో ఇబ్బంది పడ్డారనీ, స్నేహితులు గట్టిగా చెప్పాల్సి వచ్చిందనీ జీవితచరిత్రకారులు రాశారు. గొప్పవాళ్ల దారి నున్నగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 43వ ఏట ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ అనే చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరి, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అక్కడి బైనాక్ యంత్రం కోసం ఆక్టల్ లెక్కలు అలవాటు చేసుకున్నారు. అంటే ఎనిమిది అంకెలతోనే లెక్క, 7 తర్వాత 10. కొన్నాళ్లకు ఆమె బ్యాంకు చెక్‌బుక్ లెక్క తేలడం మానేసింది. ఎన్నిసార్లు చూసినా బ్యాలెన్స్ కుదరదు. చివరికి బ్యాంకులో పనిచేసే తమ్ముడి ముందు పెట్టారు. ఆయన పట్టుకున్నారు తప్పును. అక్క అప్పుడప్పుడూ డబ్బుల్ని ఆక్టల్‌లో తీసివేస్తోంది!

ఈ కథ చెప్పి జనాన్ని నవ్వించేవారామె. మనం నవ్వి వదిలేయకూడదు. అసలు ఆ తప్పు అంతకాలం ఎందుకు దొరకలేదు? ఒక ఉదాహరణ చేసి చూడండి. 65 లోంచి 23 తీసేయండి. మామూలు లెక్కలో 42. ఆక్టల్‌లోనూ 42. తేడానే లేదు. ఇప్పుడు 12 లోంచి 5 తీసేయండి. మామూలు లెక్కలో 7, ఆక్టల్‌లో 5. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడే తప్పు బయటపడుతుంది. మిగతా సమయమంతా దాక్కుంటుంది.

రెండు వెబ్ సర్వీసుల మధ్య వచ్చే తప్పులు చాలావరకు ఈ రకమే. ఒక సర్వీస్ తేదీని రోజు, నెల వరుసలో పంపుతుంది. ఇంకోటి నెల, రోజు అని చదువుకుంటుంది. మీ టెస్ట్ డేటాలో మే 5 పెట్టారనుకోండి, ఎటు చదివినా మే 5 అవుతుంది. టెస్ట్ పాస్. మే 6 పెడితే అవతలివైపు జూన్ 5గా మారిపోతుంది. పదమూడో తేదీ పెడితే పదమూడో నెల లేదు కాబట్టి అక్కడికక్కడే బయటపడుతుంది. అలాగే ఫీజు సర్వీస్ పైసల్లో లెక్క చెప్పి, పాస్ సర్వీస్ రూపాయలుగా చదువుకుంటే 499 రూపాయల బిల్లు 49,900 అవుతుంది. ఫీజు సున్నా అని పెట్టి టెస్ట్ చేసినవారికి ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. సున్నా పైసలైనా సున్నానే, రూపాయలైనా సున్నానే.

మంచి టెస్ట్ డేటాకు గుర్తు ఇదే. తప్పు అర్థం చేసుకున్నవాడికీ, సరిగ్గా అర్థం చేసుకున్నవాడికీ వేర్వేరు జవాబులు రావాలి. ఇద్దరికీ ఒకే జవాబు వస్తే ఆ డేటా వృథా.

ఫ్రెంచ్‌లో చెప్పినా విన్న యంత్రం

అప్పట్లో ప్రోగ్రామర్లు పనికొచ్చే కోడ్ ముక్కల్ని నోటు పుస్తకాల్లో దాచుకుని, అవసరమైనప్పుడల్లా చేత్తో కాపీ చేసేవారు. కాపీ చేసేటప్పుడు తప్పులు దొర్లేవి. ఇంగ్లిష్ అక్షరం బీ కాస్తా 13 అయిపోయేది. చిరునామాలు మార్చి కలిపేటప్పుడు కూడికలూ తప్పేవి. మనిషి తప్పు చేసే పనిని యంత్రానికే ఇచ్చేయొచ్చు కదా అనుకున్నారు గ్రేస్. ముక్కలన్నింటికీ ఒక్కో నంబరిచ్చి, ఆ నంబర్లు చెబితే యంత్రమే వాటిని తెచ్చి కలిపేలా ఏ-జీరో అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. 1952 నాటికి అది పనిచేస్తోంది. కంపైలర్ల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడినుంచే మొదలుపెడతారు.

తర్వాత ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. వ్యాపార లెక్కలు చేసేవాళ్లకు గుర్తులూ సమీకరణాలూ పడవు, కాబట్టి ఇంగ్లిష్ మాటల్లోనే ఆదేశాలు ఇవ్వాలి. యాజమాన్యం ఒప్పుకోలేదు. అందుకని ఒక చిన్న నమూనా కట్టి చూపించారు. అంతటితో ఆగితే బాగుండేది. అదే ప్రోగ్రామ్‌ను ఫ్రెంచ్ మాటల్తో, జర్మన్ మాటల్తో కూడా రాసి నడిపించారు. యంత్రానికి ఏ భాషైనా ఒకటే, గుర్తులు మారతాయంతే అని చూపించాలని ఆమె ఉద్దేశం. అది బెడిసికొట్టింది. పెన్సిల్వేనియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్‌కు ఫ్రెంచ్, జర్మన్ అర్థం కావడమేంటని పెద్దలు కంగారుపడ్డారు. ఇక ఇంగ్లిష్ తప్ప మరోటి వాడబోమని నచ్చజెప్పి, పనికి అనుమతి తెచ్చుకునేసరికి నెలలు పట్టింది. అలా వచ్చిందే ఫ్లో-మ్యాటిక్.

సభలో ఓడినా సాంకేతికంగా ఆ పరీక్ష సరైనదే. తనకు అలవాటైన డేటాతోనే ఆగకుండా, వ్యవస్థ ఎప్పుడూ చూడని డేటా ఇచ్చి చూశారామె. మీ బస్ పాస్ సర్వీసుకు తెలుగు లిపిలో పేరు పంపి చూశారా? ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉన్న విద్యార్థిని? ఇంటిపేరే లేని విద్యార్థిని? మన కాలేజీల్లో అలాంటివాళ్లు నిజంగా ఉంటారు. ఒక సర్వీస్ తెలుగు పేరును చక్కగా దాచుకుని, పక్క సర్వీస్‌కు వరుసగా ప్రశ్న గుర్తులు పంపడం నేను కళ్లారా చూశాను.

ఒకే ప్రోగ్రామ్, రెండు యంత్రాలు

1950ల చివరికి ఒక్కో కంపెనీది ఒక్కో యంత్రం, ఒక్కో భాష. యంత్రం మారిస్తే ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలి. 1959 మే 28, 29 తేదీల్లో అమెరికా రక్షణశాఖ ప్రధాన కార్యాలయమైన పెంటగాన్‌లో కంపెనీలవాళ్లు, వాడకందారులు సమావేశమయ్యారు. అందరికీ పనికొచ్చే ఒకే వ్యాపార భాష కావాలని తీర్మానించారు. అదే కోబాల్. దాన్ని గ్రేస్ ఒక్కరే తయారుచేశారనడం సరికాదు. జీన్ సామెట్ లాంటివాళ్లున్న కమిటీ కూర్చుని రాసింది. గ్రేస్ సలహాదారుగా ఉన్నారు. ఆ భాషకు ఎక్కువ పోలికలు వచ్చింది మాత్రం ఫ్లో-మ్యాటిక్ నుంచే.

కాగితం మీద ఒకే భాష అని రాసుకున్నారు సరే. నిజంగా ఒకటేనా? 1960 డిసెంబర్ 6, 7 తేదీల్లో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను ఆర్‌సీఏ వాళ్ల యంత్రం మీద, రెమింగ్టన్ ర్యాండ్ వాళ్ల యూనివాక్ మీద నడిపి చూపించారు. రెండింటి మీదా నడిచింది. ఈ రోజు మీ లాప్‌టాప్‌లో నడిచే టెస్ట్, సర్వర్ మీద కూడా అదే డేటాతో అదే జవాబు ఇవ్వాలనడం ఈ పరీక్షకు మనవరాలు లాంటిది. నా సిస్టమ్‌లో పనిచేస్తోంది సార్ అనే మాట అప్పుడూ చెల్లలేదు, ఇప్పుడూ చెల్లదు.

రిటైరయ్యాక మొదలైన పని

1966 చివర్లో నౌకాదళ రిజర్వ్ నుంచి గ్రేస్‌ను రిటైర్ చేశారు. అరవై ఏళ్లు వచ్చాయి. ఆమెకు అది చాలా బాధ కలిగించిన రోజు. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో, నౌకాదళం మళ్లీ పిలిచింది. ఆరు నెలలు చాలన్నారు. ఆ ఆరు నెలలు పంతొమ్మిదేళ్లయ్యాయి.

ఎందుకు పిలిచారంటే, కోబాల్ పేరు ఒకటే అయినా ఒక్కో కంపెనీ కంపైలర్ ఒక్కోలా అర్థం చెప్పేది. ఒక యంత్రం మీద నడిచిన జీతాల ప్రోగ్రామ్ ఇంకో దాని మీద మొరాయించేది. తమ కంపైలర్ ప్రమాణం ప్రకారమే ఉందని అమ్మేవాళ్లందరూ చెప్పుకునేవారు. ఆ మాటను ఎలా నమ్మాలి?

గ్రేస్ బృందం చేసింది వినడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. కంపైలర్లను పరీక్షించడానికే కోబాల్‌లో ప్రోగ్రామ్‌లు రాశారు. 1968లో కోబాల్‌కు అమెరికా జాతీయ ప్రమాణం రావడంతో దేనితో పోల్చాలో కూడా స్పష్టమైంది. తర్వాత 1970లలో ఈ తనిఖీ ప్రభుత్వ కొనుగోళ్లకు కూడా పాకింది. అమ్మేవాడి హామీ బదులు టెస్ట్ ఫలితం చూసే అలవాటు అలా పడింది.

ఈ పరంపరలో తర్వాత వచ్చిన కోబాల్ 85 టెస్ట్ సూట్ ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. గ్నూకోబాల్ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ ఇవాళ్టికీ దాని మీదే తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ సూట్‌ను కాసేపు చదివితే టెస్ట్ డేటా గురించి సగం పాఠం వచ్చేస్తుంది. అందులో మూడు సంగతులు చూడండి.

మొదటిది, ప్రతి పరీక్ష తన డేటాను తానే తయారుచేసుకుంటుంది. లెక్క చేసి, వచ్చిన జవాబును రావాల్సిన జవాబుతో పోల్చి పాస్ అనో ఫెయిల్ అనో ముద్రిస్తుంది. ఫెయిలైతే వచ్చిందేంటో, రావాల్సిందేంటో రెండూ పక్కపక్కనే చూపిస్తుంది. తప్పు వెతకడానికి ఇంకొకరిని అడగక్కర్లేదు.

రెండోది, యంత్రాన్ని బట్టి మారే పేర్లను ప్రోగ్రామ్‌లో నేరుగా రాయలేదు. ప్రింటర్ పేరు, ఫైల్ పేరు లాంటి చోట్ల ఖాళీ గుర్తులు పెట్టారు. పరీక్ష నడిపే ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ ఆయా యంత్రానికి తగిన పేర్లు అక్కడ నింపుతుంది. పరీక్ష ఒకటే, పరిసరాలు వేరు. మీరు సర్వర్ చిరునామాను, పాస్‌వర్డ్‌ను టెస్ట్ కోడ్‌లో కాకుండా విడిగా కాన్ఫిగరేషన్ ఫైల్‌లో పెట్టడం ఇదే.

మూడోది కాస్త జాగ్రత్తగా వినాల్సింది. ఫైళ్లకు సంబంధించిన కొన్ని పరీక్షల్లో ఒక ప్రోగ్రామ్ ఫైల్ తయారుచేస్తే, తర్వాతి ప్రోగ్రామ్ దాన్ని చదువుతుంది. ఒకరు రాసింది ఇంకొకరు చదవగలరా అన్నదే అక్కడి ప్రశ్న కాబట్టి అలా ఉండాల్సిందే. కానీ దానికో మూల్యం ఉంది. మొదటిది కూలితే వెనకున్నవన్నీ కూలుతాయి. అందుకే అలాంటి గొలుసు అవసరమైన చోటే పెట్టుకోవాలి, ఏది దేని మీద ఆధారపడిందో రాసి పెట్టుకోవాలి. నా మొదటి ఉద్యోగంలో గొలుసు ఉంది, రాసిన కాగితమే లేదు.

డేటాలో లేనిది దాక్కుంటుంది

గ్రేస్ పనిని ఆకాశానికెత్తి వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టే. టెస్ట్‌కు ఒక పరిమితి ఉంది. మీరు అడిగిన ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. అడగనిదాని గురించి మౌనంగా ఉంటుంది.

దీనికి పెద్ద ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. జ్ఞాపకశక్తి ఖరీదైన రోజుల్లో లెక్కలేనన్ని కోబాల్ ప్రోగ్రామ్‌లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్నాయి. 1975 అంటే 75. దశాబ్దాలపాటు అవి ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. 2000 దగ్గర పడేసరికి గుండె గుభేలుమంది. సున్నా సున్నా అంటే 1900 అనుకుంటే పింఛన్లు, బీమాలు, బ్యాంకు వడ్డీలు ఏం కావాలి? ఆ మరమ్మతుకు ప్రపంచమంతా కోబాల్ తెలిసినవాళ్ల కోసం వెతికింది. హైదరాబాద్ అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని ఎంతోమంది తెలుగు కుర్రాళ్లు అమెరికా విమానం ఎక్కింది ఆ రోజుల్లోనే. మీ బంధువుల్లో ఎవరో ఒకరు వాళ్లలో ఉండే ఉంటారు, ఈ పండక్కి అడిగి చూడండి.

అందుకే టెస్ట్ డేటా రాసేటప్పుడు అంచుల దగ్గరికి వెళ్లాలి. డిసెంబర్ 31, ఫిబ్రవరి 29, గడువు తీరే రోజు, గడువు తీరిన మర్నాడు. మామూలు రోజుల్లో అన్నీ బాగానే ఉంటాయి.

గ్రేస్ 1986 ఆగస్టు 14న, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో బోస్టన్‌లోని యూఎస్‌ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద నౌకాదళానికి వీడ్కోలు చెప్పారు. వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరారు. సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు సంచిలో వేసుకుని కాలేజీలకు వెళ్లేవారు. నానోసెకనులో కాంతి వెళ్లే దూరం ఇంతే అని చూపించి, విద్యార్థులకు తలా ఒకటి పంచేవారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2016లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించింది.

ఇక మీ వంతు

ఇప్పుడు మీ ప్రాజెక్టు తెరవండి. పెద్ద టూల్స్ ఏవీ అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు.

ముందుగా ఓ అయిదుగురు విద్యార్థుల్ని కల్పించండి. ఫీజు పూర్తిగా కట్టినవారు, సగం కట్టినవారు, గడువు ఈరోజే తీరేవారు, తెలుగు లిపిలో పేరున్నవారు, అసలు రికార్డే లేనివారు. ఒక్కొక్కరి ఎదురుగా పాస్ రావాలా వద్దా, ఏ సందేశం రావాలి అన్నది రాయండి. ప్రోగ్రామ్ నడపకముందే రాయాలి సుమా. నడిపాక రాస్తే, వచ్చిందే రావాల్సిందిగా రాసేస్తాం.

తర్వాత ఆ అయిదుగురినీ టెస్ట్ మొదలయ్యేముందు కోడ్‌తోనే డేటాబేస్‌లోకి ఎక్కించండి. అయిపోయాక తీసేయండి. ఇంకొకరు పెట్టిన రికార్డు మీద ఆశ పెట్టుకోవద్దు. మీ స్నేహితుడు కూడా అదే సర్వర్ వాడుతుంటే ఇద్దరి డేటా కలవకుండా రోల్ నంబర్ల ముందు వేర్వేరు గుర్తులు పెట్టుకోండి. మధ్యలో టెస్ట్ ఆగిపోతే చెత్త మిగులుతుంది, కాబట్టి మొదలుపెట్టేముందు కూడా ఒకసారి తుడవడం మంచి అలవాటు.

మూడోది, డబ్బు కట్టించుకునే బయటి సర్వీస్ మీ చేతిలో ఉండదు. దాని స్థానంలో ఒక ఉత్తుత్తి సర్వీస్ పెట్టి, సరే అనే జవాబే కాదు, డబ్బు అందలేదనే జవాబు, ఎంతసేపటికీ రాని జవాబు కూడా ఇప్పించండి. అయితే ఉత్తుత్తి సర్వీస్ మీరు అనుకున్నట్టే మాట్లాడుతుంది. అసలుది వేరేలా మాట్లాడవచ్చు. కాబట్టి వాళ్లు పరీక్షల కోసం ఇచ్చే టెస్ట్ ఖాతాతో కొన్నయినా నిజమైన పిలుపులు చేసి చూడాలి.

నాలుగోది, నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు టెస్ట్ డేటాలో వద్దే వద్దు. స్నేహితుడి నంబరే కదా అనిపిస్తుంది. అది కోడ్‌తోపాటు ఎక్కడెక్కడికి వెళ్తుందో మీకు తెలియదు.

చివరగా, ఒక్కసారి కావాలనే కోడ్ చెడగొట్టండి. పైసల్ని రూపాయలుగా మార్చే లైను తీసేసి టెస్టులు నడపండి. ఒక్కటీ ఫెయిల్ కాకపోతే మీ డేటా 65 లోంచి 23 తీసేసిన రకమన్నమాట. దాన్ని మార్చి 12 లోంచి 5 తీసేసే రకం చేయండి.

ఇదంతా ఒక శని, ఆదివారాల పని. సోమవారం ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్న వస్తే, ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టండి. అయిదుగురు విద్యార్థులు, వాళ్ల పక్కన అయిదు జవాబులు, ఏ డేటా ఏ తప్పును పట్టుకుందో ఒక్కో లైను. ఆ తర్వాత మాట్లాడటానికి మీ దగ్గర చాలానే ఉంటుంది.